అక్టోబర్ దాకా తేనె: న్యూజెర్సీ పెరట్లో పొడుగు పూలమొక్కల పెంపకం

సెప్టెంబర్ రెండో వారంలో మా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే పచ్చటి లాన్లు, మాడిపోయిన హైడ్రాంజియాలు, ప్రతి గుమ్మం ముందూ షాపు నుంచి తెచ్చిన చామంతి కుండీలు రెండేసి కనిపిస్తాయి. రెక్క మీద రెక్క పేర్చినట్టుండే ఆ ముద్ద చామంతుల మీద తేనెటీగ వాలడం నేను దాదాపు చూడలేదు. వాలినా దానికి దొరికేది తక్కువ, పుప్పొడి ఉండాల్సిన చోట కూడా రెక్కలే. సరిగ్గా అదే వారంలో మా కాకర తీగ నిండా పూలుంటాయి, పిందెలు మాత్రం పసుపు తిరిగి రాలిపోతుంటాయి. మగపువ్వు తుంచి ఆడపువ్వుకు తాకించే పని కొన్నేళ్లు మేమే చేసుకున్నాం. తుమ్మెదలకు ఆగస్టు దాటాక మా వీధిలో తిండే లేదన్న సంగతి అప్పుడుగానీ బుర్రకెక్కలేదు.

వాటికి తిండి ఎక్కువ కావాల్సింది కూడా అప్పుడే. ఇక్కడి బంబుల్‌బీల, అంటే నూగు ఒంటి బొద్దు తుమ్మెదల, గూట్లో పాత రాణి, పనిచేసే ఈగలు, మగవి అన్నీ చలికి చచ్చిపోతాయి. ఆ ఏడాది పుట్టిన కొత్త రాణులు మాత్రం జతకట్టి, కడుపునిండా తాగి, మట్టిలో కొన్ని అంగుళాల లోతున దూరి ఏప్రిల్ దాకా అలాగే పడి ఉంటాయి. మోనార్క్ సీతాకోకచిలుకలదీ ఇదే తొందర. వేసవిలో పుట్టినవి రెండు నుంచి ఐదు వారాలే బతుకుతాయి. ఆగస్టు చివర్లో పుట్టినవి ఎనిమిది నెలల దాకా బతికి, ఇక్కడి నుంచి మెక్సికోలోని మిచోవాకాన్ కొండల దాకా ఎగిరిపోతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మన రాష్ట్రం కొసనున్న కేప్ మే మీదుగా గుంపులు గుంపులుగా వెళ్తాయి. దారి ఖర్చంతా పూల తేనే.

అందుకే వాటి కోసం పెరట్లో పెట్టే పూలమడికి మొక్కలు ఎంచేటప్పుడు నేను చూసేది రంగు కాదు, తేదీ. ఆగస్టు నుంచి అక్టోబర్ చివరి దాకా ఒక్క వారం కూడా ఖాళీ ఉండకూడదు. ఇందులో చెప్పే లెక్కలన్నీ మధ్య న్యూజెర్సీవి. పెన్సిల్వేనియా, మేరీల్యాండ్, ఉత్తర వర్జీనియా వాళ్లకు వారం అటూ ఇటూగా సరిపోతాయి.

ఏ మొక్కలు

జో పై వీడ్. ఆగస్టు ఆరంభానికే పూస్తుంది, ఏడడుగులు సునాయాసంగా పెరుగుతుంది. గులాబీ రంగు పూగుత్తులు తలపాగా అంత ఉంటాయి. జో పై అన్నది ఓ మనిషి పేరు. ఇప్పటి మసాచుసెట్స్ ప్రాంతంలో ఉండిన మోహికన్ పెద్ద జోసెఫ్ షాక్వెత్‌క్వీట్‌ను జనం అలా పిలిచేవాళ్లని పరిశోధకులు తేల్చారు. నర్సరీ ట్యాగ్ మీద శాస్త్రీయ నామం యూట్రోకియం అని ఉంటుంది. వాటిలో పర్‌ప్యూరియం రకం కాస్త నీడనూ, పొడి నేలనూ ఓర్చుకుంటుంది. ఫిస్ట్యులోసం, మాక్యులేటం రకాలకు తడి కావాలి. ఇంటి కప్పు నీళ్ల గొట్టం దిగే మూల, మరేదీ బాగుపడని ఆ చిత్తడి చోటు, వీటికి స్వర్గం. చోటు తక్కువైతే లిటిల్ జో అనే పొట్టి రకం నాలుగడుగుల దగ్గర ఆగుతుంది.

న్యూయార్క్ ఐరన్‌వీడ్. మన పొలం గట్ల మీది సహదేవికి ఇది దాయాది. సహదేవి జానెడు, ఇది ఐదు నుంచి ఎనిమిదడుగులు. అదే కుచ్చు పువ్వు, రంగు మాత్రం ముదురు ఊదా. ఈ జాతి పుప్పొడి కోసమే బతికే ఒక పొడుగు మీసాల తేనెటీగ ఉంది, గుంపు లేకుండా ఒంటరిగా బతికేది, తన పిల్లలకు ముఖ్యంగా ఈ పుప్పొడే పెడుతుంది. కాడ పేరుకు తగ్గట్టు ఇనుమే, గాలివానకు వంగదు. ఒక్క మొక్కే పెట్టుకునే చోటుంటే నేను ఇదే పెడతాను.

గోల్డెన్‌రాడ్. దీని మీద ఒక అపవాదు ఉంది: సెప్టెంబర్ తుమ్ములకు ఇదే కారణమని. అసలు దొంగ అదే సమయంలో పూసే ర్యాగ్‌వీడ్. దాని పూలు ఆకుపచ్చగా ఉండి కంటికి ఆనవు, పుప్పొడి గాలికి కొట్టుకొస్తుంది. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా, జిగురుగా ఉండి పురుగుల కాళ్లకు అంటుకుపోయేది, మన ముక్కు దాకా రాదు. పసుపుపచ్చగా కళ్లపడుతుంది కాబట్టి నింద దీని మీద పడింది. రకం విషయంలో మాత్రం జాగ్రత్త. రోడ్ల పక్కన విచ్చలవిడిగా కనిపించే కెనడా గోల్డెన్‌రాడ్ ఇంటి మడికి వద్దే వద్దు. తెలిసినవాళ్లిచ్చారని ఒక పిలక తెచ్చి నాటాను. మూడో ఏటికి అది మట్టి కిందుగా పాకి కొత్తిమీర మడిలో తేలింది. పీకిన కొద్దీ పుట్టేది, పూర్తిగా వదిలించుకోవడానికి రెండు వేసవులు పట్టింది. ఫైర్‌వర్క్స్ అనే రుగోసా రకం గానీ, ఉన్నచోటే గుబురు కట్టే స్పెసియోసా గానీ తీసుకోండి. సముద్రం దగ్గరి ఇళ్లవాళ్లు ఇసుకనూ ఉప్పుగాలినీ తట్టుకునే సెంపర్‌వైరెన్స్ పెట్టుకోవచ్చు. కేప్ మే ఇసుకదిబ్బల మీద మోనార్క్‌లు మూగేది దాని మీదే.

న్యూ ఇంగ్లాండ్ ఆస్టర్. సెప్టెంబర్ మధ్యలో మొదలై అక్టోబర్ మధ్య దాకా, పసుపు బొట్టు చుట్టూ ఊదా రెక్కలు. మూడు నుంచి ఆరడుగులు. మోకాళ్ల కింద ఆకులన్నీ ఎండిపోయి అసహ్యంగా కనిపించడం దీని జబ్బు కాదు, స్వభావం. దానికి ముందు ఒక పొట్టి మొక్క అడ్డం పెట్టాలి. ఆ పొట్టి మొక్క అరోమాటిక్ ఆస్టర్ అయితే రెండు పనులూ అవుతాయి. అది రెండడుగులే పెరుగుతుంది గానీ నవంబర్ మొదటి వారంలో కూడా పూలుంటాయి.

తెల్లపూల బోన్‌సెట్, తడి నేలలో హెలీనియం కూడా మంచివే. చోటుంటే పెట్టుకోండి. లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి మాత్రం తప్పకుండా రెండు మూడు కుదుళ్లు ఉండాలి. పొడుగు మొక్కలు వాలిపోకుండా అది పక్కనుంచి ఆసరా ఇస్తుంది.

డాలస్, హ్యూస్టన్ వైపు వాళ్లు ఈ జాబితా పక్కన పెట్టేయండి. మీకు మాక్సిమిలియన్ పొద్దుతిరుగుడు, ఫ్రాస్ట్‌వీడ్, గ్రెగ్స్ మిస్ట్‌ఫ్లవర్ సరిపోతాయి. మోనార్క్‌లు మీ మీదుగా వెళ్లేది అక్టోబర్‌లో. మొక్కలు వేరైనా కింద చెప్పే పనులు చాలావరకు అవే.

చోటు, కొలత

రోజుకు ఆరు గంటల ఎండ ఉండాలి. నీడలో పెరిగితే సాగిపోయి పడిపోతాయి. ఆరడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు మడి మొదటిసారికి సరిపోతుంది. అంతకన్నా పెద్దది పెట్టుకుంటే మొదటి ఏడు కలుపుతోనే విసిగిపోతారు. అందులో జో పై రెండు, ఐరన్‌వీడ్ మూడు, న్యూ ఇంగ్లాండ్ ఆస్టర్ మూడు, గోల్డెన్‌రాడ్ రెండు, ముందు వరసలో అరోమాటిక్ ఆస్టర్ నాలుగు, గడ్డి మూడు, మొత్తం పదిహేడు మొక్కలు. జో పైకి చుట్టూ మూడడుగులు, మిగతా పొడుగువాటికి రెండు రెండున్నర అడుగులు, ముందు వరసకు అడుగున్నర ఎడం. ఏ జాతికి ఆ జాతి ఒకేచోట గుంపుగా పెట్టండి. ఒకే రకం పూలు పక్కపక్కనే ఉంటే ఈగకు తిరుగుడు తగ్గుతుంది, చూసేవాళ్లకు కూడా ఇది కలుపు కాదు, కావాలని పెంచిందే అని తెలుస్తుంది.

కంచె ఆనుకుని ఉంటే పొడుగువి వెనక్కి. నాలుగువైపులా కనిపించే మడి అయితే నడుమకు. డ్రైవ్‌వే మలుపు దగ్గర, మూల ఇంటి ఫుట్‌పాత్ పక్కన మూడడుగులు దాటేది ఏదీ వద్దు. కారు వెనక్కి తీసేటప్పుడు చిన్నపిల్లలు కనబడరు. తవ్వడానికి ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. దీన్ని దాటవేయకండి.

గడ్డి తీయడం

తవ్వి గడ్డి పెళ్లగించడం నడుముకు చేటు, కింద నిద్రపోతున్న కలుపు విత్తనాలను పైకి తేవడం కూడా. అట్టలు పరచడం మేలు. మనిళ్లలో అట్టపెట్టెలకు కొదవేముంది, గ్యారేజీలో ఓ గుట్ట ఉంటుంది. టేపు, స్టిక్కర్లు మొత్తం పీకేసి, గడ్డిని నేలబారుగా కోసి, అట్టలు అంచుల దగ్గర ఆరంగుళాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పరవండి. బాగా తడిపి, పైన మూడు నాలుగంగుళాలు ఎండుటాకులో చెక్కపొట్టో వేయండి. అక్టోబర్‌లో వేస్తే మే నాటికి కింద గడ్డి చచ్చి, అట్ట చేత్తో చించితే చిరిగేంత మెత్తబడుతుంది. గుంత ఉన్నంత మేరకే అట్ట కోసి మొక్క నాటాలి.

పశువుల ఎరువు, కంపోస్టు, యూరియా ఏదీ వద్దు. టమాటాకు పెట్టినట్టు వీటికి బలం పెడితే ఏపుగా ఎదిగి, మొదటి వానకే బోర్లా పడతాయి. మన చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. ఊరుకోవాలి.

పాల డబ్బాల్లో నారు

మొక్కలు కొనదలిస్తే స్థానిక మొక్కల నర్సరీలలో చిన్న నారు ట్రేలు తీసుకోండి. పెద్ద కుండీ మొక్క కన్నా చౌక, వేరు త్వరగా పట్టుకుంటుంది. వసంతంలో నేటివ్ ప్లాంట్ సొసైటీ ఆఫ్ న్యూజెర్సీ శాఖల వాళ్లు కూడా మొక్కల అమ్మకాలు పెడుతుంటారు. ఎక్కడ కొన్నా ఒక ప్రశ్న అడగండి: వీటికి నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందు వాడారా? ఆ మందు మొక్కంతా పాకి తేనెలోకీ పుప్పొడిలోకీ చేరుతుంది. ఈగల కోసం పెట్టిన మొక్కే వాటికి విషమవుతుంది.

విత్తనాల నుంచి చేయడం నాకు ఇష్టం, ఖర్చు దాదాపు సున్నా. ఈ గింజలు నేరుగా వేడిలో మొలవవు. తడిగా, చలిగా ఒకటి రెండు నెలలు గడిస్తేగానీ వాటికి శీతాకాలం దాటిందన్న నమ్మకం రాదు. ఆ చలి పెట్టే పని ఆకాశానికి వదిలేయాలి.

మా ఇంట్లో పెరుగు తోడుకే వారానికి రెండు గాలన్ల పాలు అవుతాయి. ఆ తెల్లటి ప్లాస్టిక్ డబ్బానే గ్రీన్‌హౌస్. డబ్బా కడిగి, అడుగున స్క్రూడ్రైవర్ కాల్చి ఎనిమిది పది చిల్లులు పెట్టండి. పిడి కింది భాగం దగ్గర రెండంగుళాలు వదిలి చుట్టూ అడ్డంగా కోయండి, మూతలా వెనక్కి తెరుచుకుంటుంది. నాలుగంగుళాల పాటింగ్ మట్టి పోసి, కింద నీళ్లు కారేదాకా తడపండి. జో పై, ఆస్టర్, గోల్డెన్‌రాడ్ గింజలు పొట్టులా సన్నగా ఉంటాయి, పైన చల్లి వేళ్లతో మెల్లగా అద్దితే చాలు. మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. డబ్బా మూసి చుట్టూ టేపు వేసి, పైన బిరడా తీసేయండి. వానా మంచూ లోపలికి పోయేది ఆ కంతలోంచే.

డిసెంబర్ చివర్లోనో జనవరిలోనో ఇవి పెరట్లో పెట్టేసి మరిచిపోవాలి. మంచు నిండా కప్పినా ఫర్వాలేదు. ఒక్కటి మాత్రం మరవకండి: పేరు డబ్బా పక్కన రాస్తే ఎండకు మార్చికల్లా ఎగిరిపోతుంది. అడుగున రాయండి, లేదా ఐస్‌క్రీం పుల్ల మీద పెన్సిల్‌తో రాసి లోపల గుచ్చండి. ఒక ఏడు నా పది డబ్బాల్లో ఏడింటికి పేర్లు లేవు. పూసేదాకా ఏది ఏమిటో తెలియలేదు.

ఏప్రిల్‌లో పచ్చగా నలకల్లా మొలకలు కనిపిస్తాయి. మధ్యాహ్నం పూట డబ్బా తెరిచి పెట్టి, మట్టి ఆరకుండా చూసుకుంటూ, నాలుగాకులు వచ్చాక చిన్న కుండీల్లోకి మార్చండి. జూన్‌లో గానీ, ఎండలు తగ్గిన సెప్టెంబర్‌లో గానీ మడిలో నాటవచ్చు.

మొదటి మూడేళ్లు

నాటిన ఏడు వానలేని వారం అంగుళం నీళ్లు. రోజూ చిలకరించడం కాదు, వారానికి ఒకసారి లోతుగా. ఆ ఏడు మొక్క మోకాలెత్తు కూడా దాటకపోవచ్చు, పువ్వు ఒకటీ అరా. శక్తంతా వేరుకే పోతుంది. రెండో ఏడు నడుమెత్తు. మూడో ఏడు మీకన్నా పొడుగు.

రెండో ఏడాది నుంచి తలలు తుంచే పని ఉంటుంది. ఊళ్లో బంతికీ చామంతికీ చేసేదే. మే చివర్లో లేదా జూన్ మొదటి వారంలో ఆస్టర్ కాడలను మూడో వంతు కోసేయండి. ఒక్కో కాడకు నాలుగైదు కొమ్మలు వచ్చి, పొట్టిగా, గుబురుగా, ఎక్కువ పూలతో నిలబడుతుంది. జులై 4 దాటాక కత్తెర ముట్టుకోవద్దు, మొగ్గలు పోతాయి. జో పైని అయితే కుదురులో సగం కాడలే కోయండి. కోసినవి రెండు వారాలు ఆలస్యంగా పూస్తాయి కాబట్టి తిండి అంతమేర సాగుతుంది. మా ఆస్టర్లకు ఈ పని చాలాసార్లు జింకలే చేసిపెడతాయి. జూన్‌లో తింటే కోపం తెచ్చుకోవద్దు, ఆగస్టులో తింటేనే నష్టం. ఐరన్‌వీడ్, గోల్డెన్‌రాడ్, బోన్‌సెట్ వాటికి అంతగా రుచించవు.

ఆకుల మీద బూడిదలాంటి తెగులు వస్తుంది. రానివ్వండి, మొక్క చావదు. గోల్డెన్‌రాడ్ కాడల మీద ఎర్ర పేనుబంక పట్టినా వేపనూనె సీసా తీయకండి. వారం ఆగితే అక్షింతల పురుగులు వచ్చి చూసుకుంటాయి.

ఇరుగుపొరుగు

మొదటి వేసవి మా అత్తమ్మ హనుమకొండ నుంచి వచ్చి మడి చూసి, “ఇదేంది బిడ్డా, పైసలిచ్చి పిచ్చిమొక్కలు తెచ్చుకుంటరా?” అంది. రెండో వేసవి అదే మాట ఇంగ్లిష్‌లో, కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద వచ్చింది. గడ్డి పెరిగిపోయింది, పద్నాలుగు రోజుల్లో కోయించండి అని.

ఉత్తరాలకు ఉత్తరాలు రాసి గెలిచిన దానికన్నా మడికి ఒక అంచు కట్టి గెలిచింది ఎక్కువ. చుట్టూ ఇటుకలు వరసగా పాతాం, అంచు వెంబడి రెండడుగుల లాన్ ఎప్పుడూ నున్నగా కోసి ఉంచాం, ముందు వరస పొట్టి మొక్కలు సరిచేశాం, పరాగ సంపర్కం చేసే పురుగుల తోట అని ఒక చిన్న బోర్డు పెట్టాం. మొక్కల జాబితా, రెండు ఫొటోలు జతచేసి ఒక్క పేజీ జవాబు ఇచ్చాం. మళ్లీ ఎవరూ అడగలేదు. మేరీల్యాండ్‌లో ఉండేవాళ్లకు ఈ బాధ తక్కువ. ఇలాంటి తోటలు పెట్టుకుంటే కాలనీ సంఘాలు అన్యాయంగా అడ్డుకోకుండా 2021లో అక్కడ చట్టమే చేశారు. మనం సంఘం రూల్సు ముందే చదువుకోవాలి.

నవంబర్ నుంచి ఏప్రిల్

పూలన్నీ గోధుమరంగు తిరిగాక మడి శుభ్రం చేయాలని చేతులు దురదపెడతాయి. చేయకండి. గింజల కోసం గోల్డ్‌ఫించ్ పిట్టలు జనవరి దాకా వస్తూనే ఉంటాయి. రాలిన ఆకులు అక్కడే ఉండాలి. వాటి కింద మట్టిలో ఆ రాణి తుమ్మెదలు పడుకుని ఉండొచ్చు, ఊడ్చి బ్యాగుల్లో కడితే వాటి దుప్పటి పోతుంది.

కోత ఏప్రిల్ చివర్లో, అది కూడా నేల దాకా కాదు. కాడలను ఒక్కోటి ఒక్కో ఎత్తులో, అడుగు నుంచి అడుగున్నర మిగిల్చి కోయండి. బొద్దుచీమంత ఉండే చిన్న నల్ల తేనెటీగలు కోసిన మొన దగ్గర మెత్తటి బెండును తొలుచుకుని లోపలికి దిగి, గదులు గదులుగా గుడ్లు పెడతాయి. మోడు పైకొస మీద సన్నటి రంధ్రం, కింద ఆకు మీద రంపపు పొట్టు కనబడిందంటే ఇల్లు కట్టుకున్నట్టే. మే చివరికి కొత్త ఆకులు ఆ మోళ్లను కప్పేస్తాయి, ఎవరికీ కనబడవు. కోసిన పై కాడలను చెత్తబండికి వేయకుండా కంచె మూలన కట్టగా ఆనించండి.

బతుకమ్మకు కోయాలంటే

మా ఇంట్లో ఈ మడి మీద గొడవ ఆగిపోయింది బతుకమ్మ వల్లే. పెత్రమాస నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఇక్కడ గోల్డెన్‌రాడ్ నిండుగా ఉండే రోజులు. తంగేడు లేని చోట తంగేడు వరసలో ఈ పసుపు పెట్టాం. పళ్లెంలో గునుగు వరస పక్కన దాన్ని సర్దుతూ అత్తమ్మ మొదటిసారి ఆ మొక్క పేరు అడిగింది. గునుగు మాత్రం ఏటా మే చివర్లో గింజ చల్లుకోవాల్సిందే, మంచుకు చచ్చిపోతుంది.

గోల్డెన్‌రాడ్ కోసి నీళ్లలో పెడితే సాయంత్రం దాకా వాడదు. ఆస్టర్ మీద ఆశ పెట్టుకోకండి, రాత్రయితే చెట్టు మీదే ముడుచుకునే పువ్వు అది, కోశాక తెరుచుకోదు. కుదురుకు మూడో వంతుకు మించి కోయవద్దు, కోసేది కూడా ఎండ పడ్డ తర్వాతే. తెల్లవారి ఏడింటికి వెళ్తే ఆస్టర్ రెక్కల కింద, గోల్డెన్‌రాడ్ కొమ్మల చాటున మగ బంబుల్‌బీలు కాళ్లతో పువ్వును పట్టుకుని, ఒంటి నూగు మీద మంచు బిందువులతో, రాత్రి ఎక్కడ చీకటి పడితే అక్కడే నిద్రపోయి ఉంటాయి. వాటికి కొండి ఉండదు, కుట్టలేవు. వేలితో తాకితే ఒక కాలు మెల్లగా పైకెత్తి మళ్లీ దించుతాయి, అంతకన్నా కదల్లేవు. పదింటికి ఒళ్లు వేడెక్కి లేచిపోతాయి. అప్పుడు కత్తెర తీసుకెళ్లండి, ఎందుకైనా మంచిది, కోసే ముందు కొమ్మను ఒకసారి మెల్లగా కదపండి.